కాంటా కంప్యూటర్ లేవని రోజు: ఇనిట్ మార్చిన తరువాత నేను చూసిన బూట్ వైఫల్యం

2021 అక్టోబరు చివరి వారంలో ఒకనాడు ఇంకా పూర్తిగా తెల్లవారకముందే మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి ఒక రైస్ మిల్లులో లారీలను, ట్రాక్టర్లను తూచే కాంటా దగ్గర ఉన్న కంప్యూటర్‌ను నేను 2013 నుంచి చూసుకుంటున్నాను. మాట్లాడినది కాంటా గుమస్తా.

"తమ్మీ, రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ కూడ దిగిపోయింది. ఇప్పుడు ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలొచ్చి ఆడ్నే ఆగింది. గేటు బయట బండ్లు లైను గట్టినయి."

"అన్నా, తెర మొత్తం కనవడేటట్టు ఒక ఫోటో తీసి వాట్సాప్‌ల పెట్టు. నేనొచ్చేదాక మల్ల మల్ల ఆఫ్ చేసి ఆన్ చెయ్యకు. అప్పటిదాక డిస్‌ప్లే మీద బరువు చూసి చిట్టీల మీద రాసియ్యిరి."

వానకాలం కోతలు మొదలయ్యాయంటే మిర్యాలగూడ మిల్లుల ముందు పరిస్థితి ఎట్లా ఉంటుందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన సన్నాలు హార్వెస్టర్ కోసిన మరుగంటలోనే పచ్చి వడ్లుగా ట్రాక్టర్లకు ఎక్కి, వేములపల్లి, త్రిపురారం, నిడమనూరు వైపుల నుంచి మిల్లు గేట్లకు చేరుతాయి. ప్రతి బండినీ రెండుసార్లు, వడ్లతో నిండుగా ఒకసారి, దింపిన తరువాత ఖాళీగా ఒకసారి తూస్తారు. ఆ రెండు అంకెల తేడాయే రైతుకు వచ్చే డబ్బు. కంప్యూటర్ లేకపోయినా కాంటా తూస్తుంది, బరువు పక్కనున్న డిస్‌ప్లేలో కనిపిస్తుంది, కానీ చేతిరాత చిట్టీ మీద నిండు బరువు, ఖాళీ బరువు ఒకే బండివని తరువాత రుజువు చేయడం గుమస్తా ప్రాణానికి వస్తుంది.

ఫోటో చూడగానే నాకు చెమట పట్టింది. ఎమర్జెన్సీ మోడ్‌లోకి వచ్చామనీ, రూట్ ఖాతాకు, అంటే అన్ని హక్కులూ ఉన్న నిర్వాహకుడి ఖాతాకు, తాళం వేసి ఉన్నందున కన్సోల్ ఇవ్వలేమనీ, ముందుకు పోవడానికి ఎంటర్ నొక్కమనీ అందులో ఉన్నది. ఎంటర్ నొక్కితే తిరిగి అదే సందేశం వస్తున్నదని గుమస్తా చెప్పాడు. తప్పు ఎవరిదో వెదకవలసిన పని లేదు. సరిగ్గా ఎనిమిది రోజుల కింద ఆ యంత్రంలో ఇనిట్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ తరువాత మొట్టమొదట లేచి మిగిలిన వాటన్నిటినీ లేపే ప్రోగ్రామ్‌ను, మార్చినవాడిని నేనే.

ఎందుకు మార్చానో చెప్పాలి. ఆ కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అందులో కెర్నెల్ తన పని ముగించుకొని, రూట్ ఫైల్ వ్యవస్థను, అంటే డిస్క్ మీది ప్రధాన ఫైళ్ల అమరికను, అందుబాటులోకి తెచ్చుకున్న తరువాత ఒకే ఒక్క ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. దాని ప్రక్రియ సంఖ్య ఎప్పుడూ 1. పాత యునిక్స్ సంప్రదాయంలో వచ్చిన సిస్వీ ఇనిట్ చాలా కాలం ఆ స్థానంలో ఉన్నది. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డీ 2011లో ఫెడోరా 15 అనే లినక్స్ పంపిణీలోకి, 2015 ఏప్రిల్‌లో డెబియన్ 8, ఉబుంటు 15.04లలోకి డీఫాల్ట్‌గా ప్రవేశించింది. డెబియన్ సాంకేతిక కమిటీ 2014 ఫిబ్రవరిలో ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు జరిగిన వాదోపవాదాలు ఇంతింత కావు. ఒప్పుకోని వారు విడిపోయి డెవువాన్ అనే మరో పంపిణీనే తయారు చేసుకున్నారు. నేను అంత దూరం పోలేదు కానీ, కాంటా యంత్రంలో డెబియన్ 7 నుంచి 8కి, అక్కడి నుంచి 9కి, 10కి ఎక్కిన ప్రతిసారీ పట్టుబట్టి సిస్వీ ఇనిట్‌నే నిలుపుకున్నాను. అందులో సిద్ధాంతం కంటే బద్ధకం పాలు ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చివరకు నా పట్టు సడలడానికి కారణం నేనే రాసిన పైథాన్ ప్రోగ్రామ్. కాంటా ఇండికేటర్ నుంచి సీరియల్ తీగ ద్వారా బరువు చదివి డేటాబేస్‌లో పెట్టే ఆ ప్రోగ్రామ్ అప్పుడప్పుడు చావకుండా, బతకకుండా బిగుసుకుపోయేది. చచ్చినదానిని పాత ఇనిట్ మళ్లీ లేపగలదు, బిగుసుకున్నదానిని గుర్తుపట్టలేదు. సిస్టమ్‌డీలో వాచ్‌డాగ్ అనే ఏర్పాటు ఉన్నది: ప్రోగ్రామ్ నిర్ణీత వ్యవధిలో "నేను ఉన్నాను" అని కబురు పంపకపోతే దానిని చంపి తిరిగి మొదలుపెడుతుంది. అందుకోసం సిస్టమ్‌డీ ప్యాకేజీని స్థాపించాను, పాతది తొలగిపోయింది, ఎక్కడా ఒక్క హెచ్చరిక కూడా రాలేదు.

ఆ రోజు నేను చేసిన అసలు పొరపాటు మార్చడం కాదు, మార్చిన వెంటనే రీబూట్ చేయకపోవడం. ప్యాకేజీ మారినా మెమరీలో నడుస్తున్న ఒకటో ప్రక్రియ మారదు. యంత్రం ఆగి తిరిగి లేచే వరకు పాత ఇనిట్టే కాపురం చేస్తూ ఉంటుంది. కాంటా మీద బండ్లు ఉన్నాయి, సాయంత్రం చేద్దామనుకున్నాను, సాయంత్రం నల్లగొండ బస్సెక్కాను. కాబట్టి కొత్త ఇనిట్ మొదటి పరీక్షను ఎనిమిది రోజుల తరువాత, నేను లేనప్పుడు, కరెంటు పోవడం అనే సంఘటన నిర్వహించింది. వాచ్‌డాగ్ కోసం రాయవలసిన ఫైలు కూడా ఆ తొందరలో రాయలేదన్న సంగతి బండి మీద దారిలో పోతుండగా గుర్తుకు వచ్చింది.

మిల్లు చేరేసరికి తొమ్మిది కావచ్చింది. హార్డ్ డిస్క్ పోయిందేమోనన్న అనుమానంతో కొత్త సాటా తీగ (డిస్క్‌ను కలిపేది), లైవ్ యూఎస్‌బీ (లోపలి డిస్క్ లేకుండానే యంత్రాన్ని లేపేది) వెంట తీసుకుపోయాను. నిజానికి ఫోటోను ప్రశాంతంగా చూసి ఉంటే ఆ రెండూ అక్కరలేదని ఇంట్లోనే తెలిసేది. బూట్ అనేది ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారే పని. బయోస్ డిస్క్‌ను కనుగొని గ్రబ్‌కు అప్పగిస్తుంది, గ్రబ్ కెర్నెల్‌నూ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌నూ మెమరీలోకి ఎక్కిస్తుంది, ఆ చిన్న తాత్కాలిక వ్యవస్థ అసలు రూట్ విభాగాన్ని వెదికి పట్టుకొని ఇనిట్‌కు పగ్గాలు ఇస్తుంది. గ్రబ్ రెస్క్యూ అనే ప్రాంప్ట్ దగ్గర ఆగితే ఇనిట్ జోలికి పోనక్కరలేదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని బ్రాకెట్లలో కనిపించే బిజీబాక్స్ ప్రాంప్ట్ దగ్గర ఆగితే రూట్ డిస్క్ దొరకలేదని అర్థం. పనిచేసే ఇనిట్ ఏదీ దొరకలేదంటూ కెర్నెల్ ప్యానిక్ అయితే పాత ప్యాకేజీ పోయి కొత్తది సరిగా కూర్చోలేదని అనుమానించి, లైవ్ యూఎస్‌బీ నుంచి క్రూట్ చేసి, అంటే డిస్క్ మీది వ్యవస్థలోకి ప్రవేశించి, తిరిగి స్థాపించాలి. ఎమర్జెన్సీ మోడ్ అనే మాట తెర మీద ఉన్నదంటే మాత్రం వీటన్నిటినీ దాటి వచ్చినట్టే. ఆ మాటను రాస్తున్నదే సిస్టమ్‌డీ, అంటే అది లేచింది, దేనికోసమో ఎదురుచూసి విసిగిపోయింది.

దేనికోసమన్నది తెలుసుకోవాలంటే లోపలికి పోవాలి, లోపలికి పోవడానికి రూట్ సంకేతపదం లేదు. డెబియన్ స్థాపించేటప్పుడు రూట్ సంకేతపదాన్ని ఖాళీగా వదిలితే ఆ ఖాతాకు తాళం వేసి, మామూలు వాడుకరికి సూడో హక్కు, అంటే రూట్ తరఫున ఆదేశాలు ఇచ్చే హక్కు, ఇస్తుంది. మామూలు రోజుల్లో అది మంచి అలవాటే కానీ ఎమర్జెన్సీ మోడ్ అడిగేది రూట్ సంకేతపదాన్నే. ఇంటి తాళం చెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్న పరిస్థితి.

దీనికి పాతకాలపు దారి ఒకటి ఉన్నది. యంత్రాన్ని తిరిగి ఆన్ చేసి, గ్రబ్ మెనూ కనిపించగానే ఇంగ్లీషు ఈ అక్షరం నొక్కితే బూట్ ఆదేశాలు దిద్దడానికి వీలుగా తెరుచుకుంటాయి. అందులో లినక్స్ అనే మాటతో మొదలయ్యే పొడవాటి వరుసలో ఆర్ఓ (చదవడానికి మాత్రమే) అన్న చోట ఆర్‌డబ్ల్యూ (చదవడానికి, రాయడానికి) అని మార్చి, చివరి నుంచి సందేశాలను దాచే క్వయట్ అనే మాటను తీసేసి, ఇనిట్=/బిన్/బ్యాష్ అని చేర్చి ఎఫ్10 నొక్కితే, కెర్నెల్ ఒకటో ప్రక్రియగా సిస్టమ్‌డీకి బదులు ఉత్త బ్యాష్ షెల్‌ను లేపుతుంది. సంకేతపదం అడగదు. యంత్రం ముందు కూర్చునే అవకాశం ఉన్న ఎవరైనా ఈ పని చేయగలరన్నది వేరే చర్చ.

మొదటి ప్రయత్నంలో నేను ఆ వరుసలో మరేదీ మార్చకుండా క్వయట్ మాత్రమే తీసేసి సందేశాలను చదివాను. వేగంగా పారిపోయే పచ్చటి ఓకేల మధ్య ఒక వరుస కదలక నిలబడింది: ఫలానా యూయూఐడీ (డిస్క్ విభాగపు గుర్తింపు సంఖ్య) గల డిస్క్ కోసం పని నడుస్తున్నదనీ, గడువు 1 నిమిషం 30 సెకన్లనీ. గడువు ముగిసింది, ఎర్ర అక్షరాలు వచ్చాయి, దాని మీద ఆధారపడిన లోకల్ ఫైల్ వ్యవస్థల లక్ష్యం (సిస్టమ్‌డీ బూట్‌లో ఒక దశ) విఫలమైంది, ఆ వెంటనే ఎమర్జెన్సీ మోడ్. గుమస్తా పంపిన ఫోటోలో ఈ ఎర్ర వరుస పైకి జరిగిపోయి ఉన్నది. చివర కనిపించేది ఫలితం మాత్రమే, కారణం దానికి పది పదిహేను వరుసల పైన ఉంటుంది.

ఆ యూయూఐడీ ఎవరిదో నాకు చూడగానే తట్టలేదు. తరువాత బ్యాష్‌లోకి పోయి బీఎల్‌కేఐడీ ఆదేశం ఇస్తే ఉన్న విభాగాల సంఖ్యలన్నీ కనిపించాయి, ఇది లేదు. /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ తెరిచాను, బూట్‌లో కలుపుకోవలసిన డిస్క్‌ల జాబితా అందులో ఉంటుంది. చివరి వరుసలో ఉన్నది ఆ సంఖ్యే: బ్యాకప్ కోసం పెట్టిన రెండో హార్డ్ డిస్క్. 2017 ఎండాకాలంలో పిడుగుపడి అది కాలిపోతే నేనే విప్పి తీసేశాను. డిస్క్‌ను తీశాను, ఎఫ్‌స్టాబ్‌లో దాని వరుసను తీయలేదు. నాలుగేండ్లపాటు లేని డిస్క్‌ను ప్రతి బూట్‌లోనూ పాత ఇనిట్ పిలిచింది, పలకకపోతే ఒక గొణుగుడు గొణిగి ముందుకు పోయింది. ఆ వరుస చివరన తనిఖీ అంకె 0 ఉండడం వల్ల డిస్క్‌లను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే కూడా దాని ఊసెత్తలేదు.

రెండు ఇనిట్‌ల తేడాను గుమస్తాకు పెండ్లి పోలికతో చెప్పాను. మేనమామ రాలేదంటే పాత పంతులు "రాకపోతే రాకపాయె, ముహూర్తం దాటుతున్నది" అని తాళి కట్టిస్తాడు. కొత్త పంతులు శుభలేఖలో పేరున్న ప్రతి ఒక్కరూ రావలసిందే అంటాడు, 90 సెకన్లు చూస్తాడు, రాకపోతే పెండ్లే ఆపేస్తాడు. "గట్లయితే శుభలేఖల పేరెందుకు రాసినవు తమ్మీ?" అని ఆయన అడిగాడు. సరిగ్గా అదే. సిస్టమ్‌డీ దృష్టిలో ఎఫ్‌స్టాబ్ వరుస ఒక కోరిక కాదు, షరతు. ఉంటే ఉంటుంది, లేకపోతే పోతుంది అనదగిన డిస్క్‌లకు, ముఖ్యంగా యూఎస్‌బీ డిస్క్‌లకు, ఆ వరుసలోనే నోఫెయిల్ అనే మాటను చేర్చాలి. 90 సెకన్లు కూడా ఎక్కువనుకుంటే ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్ అనే ఎంపికతో గడువును తగ్గించవచ్చు. ఇనిట్ మార్చడానికి ముందు ఫైండ్‌మౌంట్ ఆదేశాన్ని వెరిఫై అనే ఎంపికతో ఒక్కసారి నడిపి ఉంటే, ఆ యూయూఐడీ ఎక్కడా లేదని అదే చెప్పేది. పది సెకన్ల పని.

వరుసను తీసేశాను, రూట్‌కు సంకేతపదం పెట్టాను, సింక్ ఆదేశం ఇచ్చాను. ఆ తరువాత చేతి అలవాటు కొద్దీ ఎగ్జిట్ అని కొట్టాను. బ్యాష్ అప్పుడు మామూలు షెల్ కాదు, ఒకటో ప్రక్రియ. ఒకటో ప్రక్రియ చనిపోతే కెర్నెల్ బతకదు. ఇనిట్‌ను చంపే ప్రయత్నం జరిగిందంటూ తెర నిండా కెర్నెల్ ప్యానిక్. వెనక నిలబడి చూస్తున్న సేటు ముఖంలో రంగు మారింది. సింక్ ముందే అయినందున దిద్దినదంతా డిస్క్ మీదికి చేరే ఉన్నది, పవర్ మీట నొక్కి ఆర్పి వేస్తే సరిపోయింది. అక్కడ ఎగ్జిట్ బదులు ఎగ్జెక్ /ఎస్‌బిన్/ఇనిట్ అని కొట్టాలి, లేదా సింక్ తరువాత రీబూట్ ఆదేశాన్ని మైనస్ ఎఫ్‌తో ఇవ్వాలి.

ఈసారి యంత్రం లేచింది, లాగిన్ తెర వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఒక ట్రాక్టర్‌ను కాంటా ఎక్కించారు, డిస్‌ప్లేలో బరువు వచ్చింది, కంప్యూటర్‌లో రాలేదు.

బరువు చదివే ప్రోగ్రామ్‌ను నేను 2013లో /ఈటీసీ/ఇనిట్‌ట్యాబ్‌లో రెస్పాన్ (చస్తే తిరిగి లేపు) అనే వరుసగా రాసిపెట్టాను. సిస్వీ ఇనిట్‌కు ఆ ఫైలే భగవద్గీత. సిస్టమ్‌డీ దానిని చదవదు. /ఈటీసీ/ఇనిట్.డీలో ఉన్న స్క్రిప్టులను అది గౌరవించి నడిపింది కనుక ప్రింటర్, డేటాబేస్ యథాతథంగా లేచాయి. ఇనిట్‌ట్యాబ్‌ను మాత్రం తప్పని కూడా అనకుండా పక్కన పెడుతుంది. విఫలమైన వాటి జాబితా అడిగితే ఖాళీగా వచ్చింది. అసలు మొదలుపెట్టమని ఎవరూ చెప్పని పని విఫలమైన పనుల్లో ఎట్లా కనిపిస్తుంది? బూట్ ఆగిపోయినప్పటి కంటే ఈ మౌనమే నన్ను ఎక్కువ సేపు తిప్పింది.

ఎనిమిది రోజుల కింద రాయవలసిన సర్వీస్ ఫైలును అప్పుడు రాశాను: ఏ ప్రోగ్రామ్‌ను నడపాలి, ఆగితే ఎప్పుడూ తిరిగి మొదలుపెట్టాలి, మల్టీ-యూజర్ లక్ష్యంతో పాటు లేవాలి. ఎనేబుల్ చేసి మొదలుపెట్టాను. ఒక సెకను గడవకముందే పడిపోయింది, లేచింది, పడిపోయింది, అయిదోసారి తరువాత ఇక లేపేది లేదన్నది. సిస్టమ్‌డీ లెక్క ప్రకారం 10 సెకన్లలో 5 సార్లకు మించి మొదలుపెట్టవలసి వస్తే ఆ సర్వీసును విఫలమైనదిగా ప్రకటించి చేతులు దులుపుకుంటుంది. తిరిగి లేపడానికి మధ్య డీఫాల్ట్ విరామం 100 మిల్లీసెకన్లే కాబట్టి ఆ అయిదు అవకాశాలు రెప్పపాటులో అయిపోతాయి. పాత ఇనిట్ కూడా 2 నిమిషాల్లో 10 సార్లు పడిపోతే విసుక్కునేది, కానీ 5 నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించేది. కాంటా వంటి చోట నాకు పాత పద్ధతే నచ్చుతుంది, కనుక ఆ విరామాన్ని నిర్ణయించే రీస్టార్ట్‌సెక్ విలువను 5 సెకన్లు చేసి ఆ పరిమితికి అందకుండా చూశాను.

అయితే అది పడిపోవడానికి కారణం వేరే. సిస్టమ్‌డీ రాసుకునే చిట్టా అయిన జర్నల్‌ను చూపే జర్నల్‌సీటీఎల్‌లో ఆ సర్వీసు పేరుతో చూస్తే, పోర్టు తెరుచుకున్నది కానీ వచ్చిన అక్షరాలు బరువు కావని నా ప్రోగ్రామే చెప్పుకొని చస్తున్నది. ఆ యంత్రానికి రెండు యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్లు ఉన్నాయి, ఒకటి ఇండికేటర్‌కు, రెండోది రైతులకు కనిపించేటట్టు బయట గోడకు పెట్టిన పెద్ద అంకెల బోర్డుకు. కెర్నెల్ ఏది ముందు గుర్తుపడితే దానికి టీటీవై-యూఎస్‌బీ 0 అని, తరువాతి దానికి 1 అని పేరు పెడుతుంది. ఇన్నేండ్లు ఇండికేటర్‌కు 0 రావడం నేను చేసిన ఏర్పాటు కాదు, అలవాటుగా కలిసివచ్చిన వరుస. ఆ ఉదయం వరుస తారుమారైంది. రెండూ ఒకే రకం చవక కన్వర్టర్లు, వాటిలో సీరియల్ సంఖ్య ఉండదు కనుక సంఖ్యను బట్టి పేరు పెట్టడం కుదరలేదు. /డెవ్/సీరియల్/బై-పాత్ కింద ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉన్నదో దానిని బట్టి ఉండే పేరును ప్రోగ్రామ్‌కు ఇచ్చి, ఆ రంధ్రాల పక్కన స్కెచ్ పెన్నుతో "కాంటా", "బోర్డు" అని రాశాను. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నమ్మదగిన మార్పు బహుశా ఆ స్కెచ్ పెన్ను రాతే.

పోయే ముందు ఇంకొక పని చేశాను. డెబియన్ 10లో జర్నల్ డీఫాల్ట్‌గా మెమరీలోనే ఉంటుంది, యంత్రం ఆగితే చరిత్ర కూడా పోతుంది. అందుకే గుమస్తా చేసిన మొదటి బూట్‌లో ఏమి జరిగిందో నేను వచ్చాక అడిగే వీలు లేకపోయింది. /వార్/లాగ్/జర్నల్ అనే ఫోల్డర్ సృష్టిస్తే చాలు, ఆ తరువాతి బూట్ నుంచి అది డిస్క్ మీద నిలుస్తుంది, కిందటి బూట్ సంగతులను మైనస్ బీ మైనస్ 1 అని అడిగి చదువుకోవచ్చు. వాచ్‌డాగ్ వ్యవధిని 30 సెకన్లుగా పెట్టి, ప్రోగ్రామ్‌ను సిగ్‌స్టాప్ సంకేతంతో కావాలనే బిగబట్టి చూశాను. అర నిమిషానికి సిస్టమ్‌డీ దానిని చంపి తిరిగి లేపింది. దీనికోసమే కదా ఇంత జరిగింది.

మధ్యాహ్నం భోజనాల వేళ కాంటా ఖాళీ అయినప్పుడు మూడుసార్లు రీబూట్ చేశాను, రెండుసార్లు పద్ధతిగా, మూడోసారి సేటు అనుమతితో ప్లగ్ పీకి. మూడుసార్లూ తెర తెల్లగా వచ్చి, బరువు సున్నా చూపించింది. ఆ తరువాత గుమస్తా, నేను కూర్చుని పొద్దుటి నుంచి చేతితో రాసిన 41 చిట్టీలను ఒక్కొక్కటే ఎక్కించాము. నిండు బరువు రాసి ఖాళీ బరువు రాయనివి మూడు తేలాయి, అందులో రెండు బండ్లు ఇంకా మిల్లు ఆవరణలోనే చెట్టు కింద నిలబడి ఉన్నాయి, మూడో బండి త్రిపురారం తిరిగి వెళ్లిపోయింది, దాని కోసం ఫోన్ చేయవలసి వచ్చింది. పని అయిపోయిందని మిగిలిన చిట్టీల పుస్తకాన్ని అల్మారాలో పెట్టబోతే గుమస్తా నా చేతిలో నుంచి తీసుకొని కీబోర్డు పక్కనే పెట్టుకున్నాడు.

"ఈ సీజను అయ్యేదాక ఇది ఈడ్నే ఉండనియ్యి తమ్మీ."